చేపల రేవులో వాడడానికి చిన్న కెమెరా: సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7 కొనాలా, రికో జీఆర్ 3 కొనాలా?

వాల్తేరు సంపెంగ

అందరికీ నమస్కారం. నేను విశాఖపట్నంలో చాలా ఏళ్లు తెలుగు బోధించి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయినిని. కెమెరాల గురించి నాకు తెలిసింది తక్కువ కనుక, కొనేముందు మీ సలహా కోరుతున్నాను.

నా అవసరం కొంచెం వివరంగా చెప్పాలి. ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు 18వ శతాబ్దం చివర మన ఊళ్లో ఉండి, ఇక్కడి చేపలను సేకరించి, 200 చేపల వర్ణనలతో, బొమ్మలతో ఒక గ్రంథం తయారుచేశాడు. అది 1803లో లండన్‌లో అచ్చయింది. ఆయన మన జాలరులు చెప్పిన తెలుగు పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో అలాగే రాసుకున్నాడు. కానాగడత (ఇంగ్లీషులో మాకెరెల్) అనే చేప శాస్త్రీయ నామంలో ఈనాటికీ 'కనగుర్త' అన్న మాట నిలిచి ఉండడానికి కారణం ఆ గ్రంథమే. ఆ పేర్లలో ఎన్ని ఇప్పటికీ రేవులో వినిపిస్తున్నాయో తెలుసుకొని, ఒక్కొక్క చేపనూ ఫోటో తీసి, పక్కన దాని పేరును తెలుగు లిపిలో రాసి పెట్టాలన్నది నా కోరిక.

మణికట్టు నొప్పి వల్ల పెద్ద కెమెరా మోయలేను. చేతిసంచిలో ఇమిడేది కావాలి. వెతికి వెతికి రెండింటి దగ్గర ఆగాను: సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 7, రికో జీఆర్ 3. రెండూ 2019లో బజారుకు వచ్చినవే. పని ఎక్కువగా తెల్లవారుజామున, వేలంపాట జరిగే వేళ ఉంటుంది. దీనితోపాటు మా మనవరాలు కూచిపూడి నేర్చుకుంటోంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు కళాభారతి ప్రేక్షకశాలలో దాని ప్రదర్శన ఉంటుంది. జూన్ 14తో వేట నిషేధం ముగిసి మరపడవలు మళ్లీ కడలిలోకి వెళ్లేసరికి కెమెరా నా చేతిలో ఉండాలి.

భీమిలి బాటసారి

టీచరు గారూ, మీరు తలపెట్టిన పని చదివి చాలా సంతోషించాను. నేను నాలుగేళ్లుగా జీఆర్ 3 వాడుతున్నాను, మీకూ దానినే సూచిస్తాను.

మొదటి కారణం సెన్సార్, అంటే వెలుతురును పట్టి బొమ్మగా మార్చే పలక. ఈ పరిమాణంలో ఉన్న కెమెరాలో పెద్ద కెమెరాల్లో వాడే ఏపీఎస్-సి సెన్సార్ పెట్టడం అరుదు. బ్యాటరీ, కార్డుతో కలిపి బరువు 257 గ్రాములే, మందం 33 మి.మీ. మాత్రమే, కనుక చొక్కా జేబులో కూడా ఇమిడిపోతుంది. సోనీ 302 గ్రాములు, దాదాపు 43 మి.మీ. మందం. తూకంలో తేడా చిన్నదే అనిపించినా రోజంతా మోసే చేతికి అది తెలుస్తుంది.

రెండవది స్నాప్ ఫోకస్. దూరాన్ని ముందుగానే ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర మీటర్లంటూ అమర్చి పెట్టుకోవచ్చు. బటన్ ఒక్కసారిగా పూర్తిగా నొక్కితే కెమెరా ఫోకస్ కోసం వెతకకుండా ఆ దూరానికే బొమ్మ తీసేస్తుంది. కటకపు ద్వారాన్ని ఎఫ్/8 వద్ద ఉంచి (ఎఫ్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుతురు వచ్చే ద్వారం చిన్నదవుతుంది) రెండున్నర మీటర్లకు అమర్చితే సుమారు మీటరుంబావు నుంచి అనంతం వరకు అన్నీ స్పష్టంగా వస్తాయి. వేలంపాట పాడేవాడు చెయ్యెత్తిన క్షణం, గంప తలకెత్తుకున్న అమ్మ వెనక్కి తిరిగి చూసిన క్షణం మళ్లీ రావు. ఆ క్షణాలను ఈ కెమెరా నాకు పోనివ్వలేదు.

కంబాలకొండ పిట్ట

బాటసారి గారు చెప్పినవన్నీ నిజమే కానీ, జీఆర్ 3కి జూమ్ లేదన్న మాట ముందు చెప్పాలి కదండీ. అది 28 మి.మీ.కి సమానమైన ఒకే దృశ్యకోణం గల కటకం. ఆర్‌ఎక్స్100 మార్క్ 7 కటకం 24 నుంచి 200 మి.మీ. వరకు వెళ్తుంది. ఈ అంకె చిన్నదైతే వెడల్పైన దృశ్యం పడుతుంది, పెద్దదైతే దూరంగా ఉన్నవి దగ్గరగా కనిపిస్తాయి.

మనవరాలి నృత్యం సంగతే తీసుకోండి. వేదికకు 12 మీటర్ల దూరంలో కూర్చున్నారనుకుందాం. 28 మి.మీ. వద్ద మీ చట్రం వెడల్పు 15 మీటర్లకు పైగా ఉంటుంది; అంటే వేదిక మొత్తం, పక్క తెరలు, ముందు వరుసవారి తలలు అన్నీ వచ్చి, అమ్మాయి మధ్యలో బొటనవేలంత కనిపిస్తుంది. సోనీని నిలువుగా పట్టుకొని 200 మి.మీ.కు వెళ్తే చట్రం ఎత్తు సుమారు రెండు మీటర్లు. పాదాల గజ్జెల నుంచి తలలోని పూలదాకా నిండుగా పడుతుంది. అక్కడ ద్వారం ఎఫ్/4.5కు తగ్గిపోతుంది కనుక ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సార్ స్పందించే స్థాయి) 1600 నుంచి 3200 వరకు పెంచవలసి రావచ్చు, కొంత గరుకుదనం తప్పదు. అయినా ముఖంలోని భావం తెలుస్తుంది.

ఇంకొకటి వ్యూఫైండర్, అంటే కన్ను ఆనించి చూసే కిటికీ. ఉదయం ఏడు దాటాక సముద్రం మీది ఎండలో ఏ కెమెరా తెర అయినా వెలవెలబోతుంది. సోనీలో పైకి లేచే చిన్న వ్యూఫైండర్ ఉంది, రికోలో లేదు. కళ్లద్దాలు వాడేవారికి ఈ తేడా చాలా పెద్దది.

అరకు రైలు

మంచి ఫోను సరిపోదా, టీచరు గారూ? ఇంత ఖర్చు అవసరమా అని అడుగుతున్నాను.

వాల్తేరు సంపెంగ

అరకు రైలు గారూ, నిరుడు ఫోనుతోనే ప్రారంభించాను. చందువ పొట్ట మీది వెండి మెరుపును ఫోను తనంతట తానే సరిదిద్ది, పొలుసులను నునుపు చేసి, వెనుక ఉన్న సిమెంటు గచ్చును కూడా నీలంగా మార్చింది. రంగును బట్టి పోల్చుకోవలసిన చోట ఆ సవరణలు పనికిరావు. మా అబ్బాయి 'రా' (RAW) ఫైల్, అంటే కెమెరా ఏ సవరణలూ చేయకుండా దాచే బొమ్మ, తీసుకోమని చెప్పాడు. పై రెండు కెమెరాలూ రా ఫైల్ ఇస్తాయని తెలుసుకున్నాను.

లెక్కల మాస్టారు

నేను భౌతికశాస్త్రం చెప్పేవాడిని. వెలుతురు విషయం అంకెల్లో చూస్తే తేలికగా అర్థమవుతుంది.

సోనీలోని ఒక అంగుళం సెన్సార్ కొలత 13.2 × 8.8 మి.మీ., అంటే వైశాల్యం సుమారు 116 చదరపు మి.మీ. రికోలోని ఏపీఎస్-సి సుమారు 23.5 × 15.6 మి.మీ., అంటే 366 చదరపు మి.మీ. వైశాల్యంలో రికో మూడు రెట్లకు కొంచెం పైన ఉంది. (పేరులో ఒక అంగుళం అని ఉన్నా ఏ పక్క కొలిచినా అంగుళం రాదు, అది పాత వీడియో గొట్టాల కాలం నుంచి వచ్చిన కొలమానం.)

సెన్సార్ పెద్దదైనంత మాత్రాన సరిపోదు, కటకపు ద్వారం కూడా చూడాలి. వెడల్పు కోణంలో రెండింటికీ ఎఫ్/2.8 కనుక అక్కడ రికోకు మూడు రెట్లు ఎక్కువ వెలుతురు అందుతుంది. సోనీ జూమ్ పెంచేకొద్దీ ద్వారం చిన్నదై చివరికి ఎఫ్/4.5 అవుతుంది, అది మరో రెండున్నర రెట్ల నష్టం. రెండూ గుణిస్తే సుమారు 8 రెట్లు. చీకటి వేళ పని అన్నారు కనుక, ఈ లెక్క ప్రకారం నా మొగ్గు రికో వైపే.

వాల్తేరు సంపెంగ

మాస్టారూ, పాఠం చెప్పినట్టే చెప్పారు. అయితే రికో తీసుకోవడానికే మనసు సిద్ధపడుతోంది. నృత్యం రోజున నిర్వాహకులను అడిగి ముందు వరుసలో కూర్చుంటాను.

డాబాగార్డెన్స్

తొందరపడకండి టీచరు గారూ. కెమెరాల మరమ్మతు నా వృత్తి. ఈ ఊళ్లో చిన్న కెమెరాలను పాడుచేసేవి ప్రధానంగా మూడు: ఇసుక, ఉప్పుగాలి, తేమ. మీరు అనుకున్న రెండింటికీ నీటి నుంచీ దుమ్ము నుంచీ రక్షణ కల్పించే బిగింపు లేదు. రెండింటి కటకాలూ మీట నొక్కగానే ముందుకు పొడుచుకొస్తాయి. అలా వచ్చినప్పుడల్లా లోపల ఖాళీ ఏర్పడి, బయటి గాలిని పీల్చుకుంటాయి. గాలితోపాటు దుమ్మూ పోతుంది.

నా సొంత అనుభవం చెబుతాను. చాలా ఏళ్ల కిందట ఒక చిన్న కెమెరాను రుషికొండ ఇసుకలో కూర్చొని తువ్వాలు మీద పెట్టాను. సాయంత్రం ఆన్ చేస్తే కటకం సగం వచ్చి, కీచుమని ఆగిపోయింది. విప్పి చూస్తే గొట్టాల మధ్య ఆవగింజలో పావు వంతు కూడా లేని ఒకే ఒక్క ఇసుక రేణువు ప్లాస్టిక్ పళ్లచక్రంలో ఇరుక్కొని ఉంది. ఆ చక్రం విడిగా దొరకక మొత్తం కటకం మార్చాను.

కాబట్టి ఏది కొన్నా ఈ జాగ్రత్తలు పాటించండి. రేవులో కెమెరాను ఊరికే ఆన్ చేసి ఆఫ్ చేయకండి. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు వేసి, అందులో కెమెరా ఉంచండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉంటే కటకానికి బూజు పట్టదు. పాతికా ముప్పై రూపాయల గుడ్డ ముక్కను మంచినీటితో తడిపి, గట్టిగా పిండి, ఇంటికి రాగానే పైభాగం తుడవండి. ఉప్పు ఎండాక తుడిస్తే గీతలు పడతాయి. ఏసీ గదిలోంచి తీసిన కెమెరాను వెంటనే బయట ఆన్ చేయకుండా, సంచిలోనే ఓ అరగంట ఉంచితే కటకం మీద ఆవిరి పట్టదు.

లెక్కల మాస్టారు

టీచరు గారూ, నా మొన్నటి సలహాను నేనే మార్చుకోవలసి వచ్చింది, క్షమించండి. వెలుతురు లెక్క తప్పు కాదు. కానీ ఆ లెక్క మీ పనికి వర్తిస్తుందా అన్నది నేను ఆలోచించలేదు.

నిన్న ఇంట్లోకి తెచ్చిన ఒక కానాగడతను వంటింటి గట్టు మీద పెట్టి, పక్కన స్కేలు ఉంచి, నా దగ్గర ఉన్న కెమెరాతో 28 మి.మీ. వద్ద ఒకసారి, 70 మి.మీ. వద్ద మరోసారి తీశాను. చేప పొడవు 22 సెం.మీ. చట్రం వెడల్పు 30 సెం.మీ. ఉండాలంటే 28 వద్ద కెమెరాను చేపకు 23 సెం.మీ. దగ్గరకు తీసుకువెళ్లాలి. 70 వద్ద 58 సెం.మీ. దూరంలో నిలబడవచ్చు.

ఇప్పుడు చేతిలో కెమెరా అయిదు డిగ్రీలు వాలిందనుకోండి. నిలబడి వంగి తీసేవారికి అంతమాత్రం వాలు తప్పదు. చేప తల ఒక సెం.మీ. దగ్గరవుతుంది, తోక ఒక సెం.మీ. దూరమవుతుంది. 23 సెం.మీ. దూరంలో ఆ తేడా వల్ల తల కొలత తోక కొలత కన్నా 9 శాతం పెద్దదిగా పడుతుంది. 58 సెం.మీ. దూరంలో మూడున్నర శాతమే. నా మొదటి బొమ్మలో కానాగడతకు తల బరువెక్కి, తోక సన్నబడి, అది వేరే చేపలా కనిపించింది. శరీరం లోతుకూ పొడవుకూ ఉన్న నిష్పత్తిని బట్టి చేపలను గుర్తించే పనిలో ఇది చిన్న లోపం కాదు. పైగా అంత దగ్గరగా వంగితే మన నీడే చేప మీద పడుతుంది.

మరి వెలుతురు మాటేమిటి అంటారా? గచ్చు మీది చేప కదలదు! కదిలే మనిషిని ఆపడానికి 1/250 సెకను కావాలి. చేపకు 1/30 చాలు, అంత నెమ్మదిలో చేతి వణుకును రెండు కెమెరాలూ సర్దుకోగలవు. 1/250 నుంచి 1/30కు వస్తే వెలుతురు 8 రెట్లు పెరుగుతుంది. నేను మొన్న సోనీ ఖాతాలో నష్టంగా రాసిన 8 రెట్లు అక్కడికక్కడే తిరిగి వచ్చేశాయి. పెద్ద సెన్సార్ గొప్పతనం చీకట్లో కదిలేవాటిని తీసేటప్పుడు బయటపడుతుంది. మీ పనిలో ముఖ్య భాగం అది కాదు.

భీమిలి బాటసారి

మాస్టారు చెప్పినది ఒప్పుకుంటున్నాను, ఒక చిన్న సవరణతో. జీఆర్ 3లో బొమ్మను కత్తిరించి 35, 50 మి.మీ. దృశ్యకోణాలు ఇచ్చే సదుపాయం ఉంది. 50కి వెళ్తే దూరం పెరిగి వంకర తగ్గుతుంది. అయితే 24 మెగాపిక్సెళ్లు 7కు పడిపోతాయి, పొలుసుల వరుసలు లెక్కపెట్టడానికి అది చాలదేమో. 40 మి.మీ.కి సమానమైన కటకంతో జీఆర్ 3ఎక్స్ అనే సోదర కెమెరా 2021లో వచ్చింది, అది కొంత నయం.

రికోకు అనుకూలంగా మరో మాట. తడి పొలుసుల మీద దీపాల మెరుపు తగ్గించాలంటే పోలరైజర్ ఫిల్టరు కావాలి. రికో ముందు రింగు తీసి అడాప్టరు బిగిస్తే 49 మి.మీ. ఫిల్టరు పట్టుతుంది. సోనీ కటకానికి మరలు లేవు, అతికించే రింగు వెతుక్కోవాలి. ఇక మనుషుల ముఖాలు, వేలంపాట సందడి మీ పుస్తకంలో ప్రధానమైతే మాత్రం నా ఓటు ఇప్పటికీ రికోకే.

మాటలతో తేలేది కాదు. నా రికో నేను తెస్తాను. పిట్ట గారు సోనీ తెస్తే, ఆదివారం పెదజాలరిపేట తీరంలో టీచరు గారు రెండూ పట్టి చూడవచ్చు. మరపడవలకు నిషేధం ఉన్నా తెప్పల మీద వెళ్లేవారు కొద్దిపాటి చేపలు తెస్తూనే ఉన్నారు.

కంబాలకొండ పిట్ట

తప్పకుండా తెస్తాను. ఛార్జింగు చేసిన రెండు బ్యాటరీలూ తెస్తాను. ఒక్క బ్యాటరీకి ప్రమాణ పరీక్షలో సోనీకి 260 బొమ్మలు, రికోకు 200 బొమ్మలు అంటారు కానీ, తెర వెలుగుతూ ఉంటే అంతకన్నా ముందే అయిపోవచ్చు.

వాల్తేరు సంపెంగ

ఆదివారం వచ్చిన బాటసారి గారికీ, పిట్ట గారికీ కృతజ్ఞతలు. రాలేకపోయిన వారి కోసం జరిగింది రాస్తున్నాను.

అయిదింటికి తూర్పు ఇంకా పూర్తిగా తెల్లారలేదు. ఒక తెప్ప ఒడ్డుకు చేరింది. ప్లాస్టిక్ తట్టలో కవళ్లు అనే చిన్న చేపలు, కొన్ని కానాగడతలు ఉన్నాయి. ముందు రికో తీసుకున్నాను. చేతిలో సబ్బుబిళ్లలా ఒదిగింది, ఒక్క చేత్తోనే అన్నీ అందాయి. తెప్ప లాగుతున్న వారిని తీసిన బొమ్మలు అంత మసక వెలుతురులోనూ ఎంత స్పష్టంగా వచ్చాయంటే, తాడు పురిలో చిక్కుకున్న తడి ఇసుక కూడా కనిపించింది. ఆ బొమ్మలు సోనీలో అంత బాగా రాలేదు. కదిలిన చేతులు చెదిరాయి.

తరువాత చేపల దగ్గరకు వచ్చాను. రికోతో ఒక కానాగడతను తీయడానికి మోకాళ్ల మీద కూర్చోవలసి వచ్చింది. నా తల నీడ సగం చేప మీద పడింది, జరిగితే చట్రం వంకరైంది. సోనీతో నడుము కొద్దిగా వంచి నిలబడే తీశాను. జూమ్‌ను 70 దగ్గర పెట్టాను, తెరను పైకి వంచాను, చేపను తెర మీద కనిపించే గీతలకు సరిపోల్చుకున్నాను. ఇంట్లో పెద్ద తెర మీద రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, రికో బొమ్మలో పొలుసుల వివరం మెరుగ్గా ఉంది, సోనీ బొమ్మలో చేప ఆకారం సరిగ్గా ఉంది. నాకు కావలసింది ఆకారం. ఒక్క జాగ్రత్త చెప్పాలి: సోనీ 200 వద్ద ఒక మీటరు కన్నా దగ్గర ఫోకస్ అందుకోదు. మొదట అది తెలియక రెండు మూడు బొమ్మలు పోగొట్టుకున్నాను.

అక్కడ చేపలమ్మే ఒక ముసలమ్మ చాలాసేపు చూసి, తెర మీది బొమ్మ చూపించమంది. చూసి తల అడ్డంగా ఊపింది. "ఈపు మీద ఈక ముడుసుకుపోనాది కదమ్మా, అది ఇప్పి తియ్యి, అప్పుడే ఆనవాలు తెలుస్తాది" అని, తానే బొటనవేలి గోరుతో వీపు రెక్కను లేపి పట్టుకుంది. ఆ రెక్క వెనుక తోకదాకా చిన్న చిన్న రెక్కల వరుస అప్పుడే నాకు కనిపించింది. ఒక చేత్తో రెక్క పట్టి, మరో చేత్తో కెమెరా పట్టి తీయడం నావల్ల కాదు. ఆమె చెయ్యి చట్రంలో పడకుండా దూరం నుంచి తీయగలగడం కూడా సోనీ వల్లే కుదిరింది.

కనుక ఆర్‌ఎక్స్100 మార్క్ 7 కొంటున్నాను. మనుషుల బొమ్మలు కావలసిన రోజున బాటసారి గారిని రమ్మని అడుగుతాను, కాదనరని నమ్మకం.

భీమిలి బాటసారి

కబురు పెట్టండి చాలు, వచ్చేస్తాను.

డాబాగార్డెన్స్

కొనేటప్పుడు కొట్లోనే కొన్ని చూసుకోండి టీచరు గారూ. పెట్టె మీద, కెమెరా అడుగున, బిల్లులో సీరియల్ నంబరు ఒకటేనా, వారంటీ మన దేశంలో చెల్లుతుందా అని అడగండి. కటకాన్ని జూమ్ చివరిదాకా నాలుగైదుసార్లు తీసుకువెళ్లి, చప్పుడు ఒకేలా ఉందో లేదో వినండి. తెల్ల కాగితాన్ని ఎఫ్/11 వద్ద బొమ్మ తీసి పెద్దది చేసి చూస్తే సెన్సార్ మీద దుమ్ము ఉంటే మచ్చలా కనిపిస్తుంది. వ్యూఫైండర్ పైకి లేపి దించి చూడండి. ఛార్జింగుకు ఇది పాత మైక్రో యూఎస్‌బీ తీగనే తీసుకుంటుంది, మీ ఫోను తీగ దీనికి సరిపడకపోవచ్చు. మణికట్టుకు తగిలించే తాడు మాత్రం మొదటి రోజే కట్టండి. తడిచేతుల్లోంచి జారితే కింద ఉండేది గచ్చు.

లెక్కల మాస్టారు

ఒక బూడిదరంగు కార్డు కూడా సంచిలో వేసుకోండి. రేవులో కొన్ని దీపాలు పసుపు, కొన్ని తెలుపు. ప్రతి చేపతోనూ ఆ కార్డుతో ఒక బొమ్మ తీసిపెట్టుకుంటే రంగులను తరువాత సరిచేయవచ్చు. ఒడ్డుకు వచ్చాక చేప రంగు త్వరగా వెలిసిపోతుంది కనుక, ముందు బొమ్మ తీసి, పేరు తరువాత అడగండి.

వాల్తేరు సంపెంగ

అన్నీ రాసుకున్నాను. నిషేధం ముగిశాక మరపడవలు తొలి వేట నుంచి తిరిగి వచ్చే తెల్లవారుజామున, నాలుగున్నరకల్లా చేపల రేవు గేటు దగ్గర ఉంటాను. వీలున్నవారు రండి, ఫ్లాస్కులో టీ తెస్తాను.